గులాబీకి అచ్చిరాని చోటు: పాత మట్టిలో కొత్త మొక్క ఎందుకు ఎదగదు?

ఈ రోజు ఎపిసోడ్ మా ఇంటి గేటు పక్కన ఉన్న ఒక గుంత గురించి. నిజంగానే గుంత. అడుగున్నర లోతు, రెండడుగుల వెడల్పు.

అక్కడ మా నాన్న నాటిన ఎర్ర గులాబీ 12 ఏళ్లు పూసింది. రెండేళ్ల కిందట ఎండిపోయింది. అమ్మకి మనసొప్పలేదు. అదే రంగు మొక్క వెతికి తెచ్చి, అదే చోట పెట్టింది. ఆరు నెలలైనా అది పెరగదు, చావదు. ఆకులు చిన్నవి, చిగురు లేదు. దాన్ని తీసేసి ఇంకోటి పెట్టింది. అదీ అంతే. నర్సరీ అతను మోసం చేశాడని అమ్మ, నీళ్లు ఎక్కువయ్యాయని పక్కింటి ఆంటీ. మా అమ్మమ్మ మాత్రం ఒకే ముక్క అంది: "ఆ చోటు దానికి అచ్చిరాలేదే, వదిలెయ్."

నేను బీటెక్ చదివినవాణ్ణి కదా, మొక్కకి చోటు అచ్చిరావడం ఏంటి అని నవ్వాను. ఆ రెండో మొక్కని పారేయడం ఇష్టం లేక ఇంటి వెనక, తోటకూర వేసే మడి పక్కన గుచ్చాను. అంతే. నెలన్నరలో చిగుళ్లు. దసరాకి పువ్వు.

మొక్క అదే, ఇల్లు అదే, నీళ్లు పోసే చెయ్యి అదే. మారింది మట్టి ఒక్కటే. సో అమ్మమ్మ చెప్పిందే కరెక్ట్. ఆ చోటు నిజంగానే అచ్చిరాలేదు. ఇది మా ఇంట్లోనే కాదు, ఇంగ్లండ్, జర్మనీ, కాలిఫోర్నియా, ఫ్లోరిడా... గులాబీ పెంచిన చోటల్లా మనుషులు ఈ గుంతతో తలపడ్డారు. ఆ కథే ఈ రోజు. కథలో హీరో పువ్వు కాదు, వేరు.

ఒక గుంతలో రెండు మొక్కలు

ముందు ఒక విషయం క్లియర్ చేసుకుందాం. మీరు నర్సరీలో కొనే అంటు గులాబీ ఒక మొక్క కాదు, రెండు. కింద వేరు ఒక జాతిది, పైన పూసేది ఇంకో రకం. కింది మొక్కని రూట్‌స్టాక్ అంటారు, మన వ్యవసాయ పుస్తకాల్లో వేరుమూలం. దాని కాండం మీద 'టీ' ఆకారంలో చిన్న గాటు పెట్టి, మనకి కావలసిన రకం నుంచి ఒక కన్ను తీసి అందులో దూర్చి కడతారు. కన్ను అతుక్కుని చిగురించాక, దాని పైనున్న పాత కొమ్మని కోసేస్తారు. ఇక కింద పని ఒకరిది, పైన పేరు ఇంకొకరిది.

నా పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే పువ్వు ఫ్రంటెండ్, వేరు బ్యాకెండ్. యాప్ ఎంత అందంగా ఉన్నా, వెనక సర్వర్ పడిపోతే స్క్రీన్ మీద ఏమీ రాదు. మనం మాత్రం కొనేటప్పుడు ఫ్రంటెండ్ చూసే కొంటాం.

ఇంత కష్టం ఎందుకు? రెండు కారణాలు. ఒకటి, కొమ్మ నాటితే ఒక కొమ్మకి ఒక మొక్క. కన్ను కడితే ప్రతి కన్నూ ఒక మొక్క. రెండు, పెద్ద పెద్ద పూలిచ్చే హైబ్రిడ్ రకాల్లో చాలావాటికి సొంత వేరు అంత బలంగా ఉండదు.

19వ శతాబ్దం ఇంగ్లండ్‌లో ఈ వేరు ఫ్రీగా దొరికేది. పొలాల కంచెల్లో పెరిగే అడవి గులాబీ, డాగ్ రోజ్ అంటారు, శాస్త్రీయ నామం రోజా కానైనా. దాన్ని తవ్వి తెచ్చి కన్ను కట్టేవాళ్లు. తర్వాత ఇటలీ నుంచి పోటీ వచ్చింది. మోంజా తోటలో జుసెప్పె మానెట్టీ అనే ఆయన పెంచిన గులాబీ, ఆయన పేరుతోనే 'మానెట్టీ'. ఇక అక్కడి గులాబీ పెంపకందారుల మధ్య ఏళ్ల తరబడి వాదనలు. బరువు నేలకి కంచె గులాబీ, తేలిక నేలకి మానెట్టీ అని ఒక లెక్క తేలింది. గమనించండి, అప్పటికే వాళ్లకి ఒకటి అర్థమైంది: పువ్వుకి నచ్చిన వేరు కాదు, నేలకి నచ్చిన వేరు చూడాలి.

నేలకి జబ్బు చేస్తుందా?

ఇప్పుడు గుంత దగ్గరికి వద్దాం. గులాబీ చాలా ఏళ్లు ఉన్న చోట కొత్త గులాబీ పెడితే ఎదగదు. ఇంగ్లిష్ తోటమాలులు దీన్ని 'రోజ్ సిక్‌నెస్' అన్నారు. జర్మన్లు నేల అలిసిపోయింది అనే అర్థం వచ్చే మాట వాడతారు. లక్షణాలు సరిగ్గా మా అమ్మ మొక్కవే: గిడసబారిన కొమ్మలు, చిన్న ఆకులు, పీకి చూస్తే సన్న వేర్లు తక్కువ, ఉన్నవి గోధుమ రంగుకో నలుపుకో తిరిగి ఉంటాయి.

మొదట ఎవరికైనా వచ్చే ఆలోచన, మట్టిలో సారం అయిపోయింది, ఎరువు వేద్దాం అని. వేస్తారు. తేడా పెద్దగా రాదు. ఇంకో వింత ఏంటంటే అదే మట్టిలో బంతి వేయండి, టమాటా వేయండి, హాయిగా వస్తాయి. గులాబీకి, దాని దగ్గరి చుట్టాలకే ఇబ్బంది. ఆపిల్ తోటల్లో కూడా సేమ్ ప్రాబ్లం. ఆపిల్, గులాబీ ఒకే కుటుంబం, రోజేసీ.

అసలు విషయం బయటపడింది ఒక విష వాయువు వల్ల. క్లోరోపిక్రిన్. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వాడిన గ్యాస్ అది. యుద్ధం అయ్యాక దాన్ని పొలాల్లోకి తెచ్చారు, హవాయి పైనాపిల్ తోటల్లో బాగా పేరొచ్చింది. మట్టిలోకి ఎక్కిస్తే అందులో ఉన్న పురుగు, బూజు చచ్చిపోతాయి. జబ్బు నేలకి ఇది పెడితే ఏమైందంటే, ఎరువు ఒక్క గ్రాము ఎక్కువ వేయకుండానే కొత్త మొక్క మామూలుగా పెరిగింది!

లాజిక్ చూడండి. సారం లేకపోవడమే కారణమైతే, గ్యాస్ పెట్టినంత మాత్రాన సారం రాదు కదా. అంటే అడ్డుపడుతున్నది ప్రాణమున్నదేదో. డీబగ్గింగ్‌లో మనం చేసేది ఇదే, ఒక్కటి మార్చి చూడటం. 1960లలో ఇంగ్లండ్‌లో సేవరీ, నెదర్లాండ్స్‌లో హూస్ట్రా లాంటి శాస్త్రవేత్తలు పండ్ల తోటల్లో ఈ జబ్బు మీద పెద్ద పని చేశారు. 1966లో సేవరీ రాసిన సమీక్షకి పేరే 'స్పెసిఫిక్ రీప్లాంట్ డిసీజెస్'. అంటే ఒక పంట తర్వాత అదే పంటకి మాత్రమే వచ్చే జబ్బు.

మరి దొంగ ఎవరు? ఒక్కడు కాదు, గ్యాంగ్. వేర్లలో దూరి తినే నులిపురుగులు, వాటినే నెమటోడ్లు అంటారు, కంటికి కనపడనంత చిన్నవి. సన్న వేర్లని కుళ్లబెట్టే కొన్ని శిలీంధ్రాలు. వేరు చుట్టూ ఉండే బ్యాక్టీరియా సమతూకం చెడిపోవడం. పాత మొక్క ముసలిదై, లోతుగా పాతుకుని ఉంటుంది కాబట్టి వీటితో సర్దుకుపోతూ బతుకుతుంది. ఇన్నేళ్లూ ఆ వేరు రుచి మరిగిన గ్యాంగ్ మధ్యలోకి మనం లేత వేరున్న పసి మొక్కని దింపుతాం. అదీ సంగతి.

విషం దారి మూసుకుపోయింది

గ్యాస్ పని చేసింది కదా, ఇంకేం? చాలా దేశాల్లో నర్సరీలు అదే దారి పట్టాయి. క్లోరోపిక్రిన్‌తో పాటు మిథైల్ బ్రోమైడ్ అనే ఇంకో గ్యాస్ వచ్చింది. పొలం మీద ప్లాస్టిక్ పరిచి, కింద గ్యాస్ వదిలి, కొన్నాళ్లు ఆగి నాటేవాళ్లు.

కానీ మిథైల్ బ్రోమైడ్ పైకెళ్లి ఓజోన్ పొరని తినేస్తుందని తేలింది. 1992లో కోపెన్‌హాగన్‌లో దాన్ని మాంట్రియల్ ఒప్పందం జాబితాలో చేర్చారు. సంపన్న దేశాలు 2005కి, మనలాంటి దేశాలు 2015కి ఆపేయాలని గడువు, కొన్ని మినహాయింపులతో. అప్పటిదాకా విషంతో కప్పిపెట్టిన పాత సమస్య మళ్లీ పైకొచ్చింది. అందరి చూపూ మళ్లీ వేరు మీద పడింది.

ద్రాక్ష నేర్పిన పాఠం

వేరు మారిస్తే నేలలో ఉన్న శత్రువుని తప్పించుకోవచ్చు అని ప్రపంచానికి గట్టిగా నేర్పింది గులాబీ కాదు, ద్రాక్ష. 1860లలో ఫ్రాన్స్ ద్రాక్షతోటలు వరసగా ఎండిపోయాయి. 1868లో ప్లాంషాన్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం వేర్ల మీద చిన్న పేనులాంటి పురుగుని పట్టుకున్నారు. అదే ఫిలోక్సెరా. అమెరికా నుంచి వచ్చిన పురుగు. అమెరికా ద్రాక్ష వేర్లకి దాన్ని తట్టుకోవడం తెలుసు. సో ఫ్రెంచి ద్రాక్షని అమెరికా వేరు మీద అంటు కట్టారు. పరిశ్రమ బతికింది.

కానీ ఇక్కడితో ఆగితే సగం కథే. కాలిఫోర్నియాలో 'ఏఎక్స్‌ఆర్ 1' అనే వేరు బాగా పాపులర్ అయింది, దిగుబడి ఎక్కువని. దాని తల్లిదండ్రుల్లో ఒకటి యూరప్ ద్రాక్ష. అంటే సగం రక్తం పురుగుకి లొంగేదే. 1980లలో ఫిలోక్సెరా దాన్ని తినడం మొదలుపెట్టింది. నాపా లోయలో వేల ఎకరాలు పీకి మళ్లీ నాటాల్సి వచ్చింది. పాఠం ఏంటంటే, 'వేరు మార్చాం' అన్నది సమాధానం కాదు. ఏ వేరు, ఏ నేలకి, ఏ శత్రువుకి?

గులాబీ వేర్లు – నాలుగు కథలు

మొదటిది మల్టీఫ్లోరా. 1866 ప్రాంతంలో జపాన్ నుంచి అమెరికాకి వేరుమూలంగానే వెళ్లింది. కొమ్మ గుచ్చితే చాలు వేరు పోస్తుంది, బలంగా పెరుగుతుంది. సున్నం ఎక్కువున్న నేలలో మాత్రం ఆకులు పసుపెక్కుతాయి. 1930లలో అమెరికా ప్రభుత్వమే మట్టి కొట్టుకుపోకుండా, పశువులకి కంచెగా దీన్ని నాటమని ప్రోత్సహించింది. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో అది కలుపు మొక్క. పైగా గులాబీల్ని చంపే 'రోజ్ రోజెట్' అనే వైరస్ జబ్బుకి అదే పెద్ద ఇల్లైంది. వేరుగా తెచ్చుకున్నది ఊరిని మింగినట్టైంది.

రెండోది డాక్టర్ హ్యూయీ. ఇది నాకు భలే ఇష్టమైన కథ. ఫిలడెల్ఫియాలో రాబర్ట్ హ్యూయీ అనే పళ్ల డాక్టరుకి గులాబీల పిచ్చి. ఆ పిచ్చి జార్జ్ థామస్ అనే ఆయనకి అంటించాడు. థామస్ 1914లో ముదురు ఎరుపు తీగ గులాబీ ఒకటి పుట్టించి, దానికి డాక్టరు పేరు పెట్టాడు. 1920లో అది మార్కెట్‌లోకి వచ్చింది. థామస్ తర్వాత లాస్ ఏంజెలెస్‌లో పెద్ద పెద్ద గోల్ఫ్ కోర్సులు డిజైన్ చేశాడు, జనం ఆయన్ని దానికే గుర్తుపెట్టుకున్నారు. ఆ గులాబీ మాత్రం కాలిఫోర్నియాలో, వాస్కో, షాఫ్టర్ చుట్టుపక్కల పొలాల్లో, వేరుగా స్థిరపడింది. పొడి వాతావరణం, క్షారం ఉన్న నేల దానికి సరిపోయాయి. అమెరికాలో లక్షల గులాబీల కింద ఉన్నది అదే. పైన అంటు చచ్చిపోయినప్పుడు కింద నుంచి పిలక లేచి ముదురు ఎర్ర పూలు పూస్తుంది. "మా పసుపు గులాబీ ఎర్రగా మారిపోయింది" అని చాలామంది ఆశ్చర్యపోతారు. మారలేదండీ, పసుపుది పోయింది, డాక్టరుగారు బయటికొచ్చారు.

మూడోది ఫార్చునియానా. రాబర్ట్ ఫార్చూన్ పేరు విన్నారా? చైనా నుంచి టీ మొక్కలు, గింజలు రహస్యంగా తీసుకొచ్చి ఇండియాలో తేయాకు తోటలకి పంపిన స్కాట్లండ్ వాడు. ఆయనే చైనా నుంచి పంపిన తెల్ల గులాబీ ఇది. దీని వేర్లు సన్నగా, వెడల్పుగా, చాపలా పరుచుకుంటాయి. ఫ్లోరిడాలో నేలంతా ఇసుక, ఇసుకలో నులిపురుగులు. మామూలు వేర్లున్న గులాబీలు అక్కడ కొన్నేళ్లకే నీరసిస్తే, ఫార్చునియానా మీద కట్టినవి ఎక్కువ కాలం బలంగా నిలబడ్డాయి. ఆస్ట్రేలియాలో పెర్త్ ఇసుక నేలల్లోనూ దీనికి మంచి పేరు. కానీ గట్టి చలి తట్టుకోలేదు. అందుకే జర్మనీ తోటమాలికి ఇది పనికిరాదు.

నాలుగోది లాక్సా. యూరప్‌లో ఇప్పుడు బాగా వాడే వేరు. ముళ్లు, పిలకలు తక్కువ, చలికి గట్టిది, నర్సరీ వాళ్లకి చేతికి సుఖం. కానీ జర్మనీలో పరిశోధకులు ఈ నేల జబ్బుని స్టడీ చేయడానికి వాడిన మొక్క కూడా ఇదే. గులాబీలు పెరిగిన నేలలో పెడితే లాక్సా గిడసబారుతుంది, అదే మట్టిని శుద్ధి చేసి పెడితే లేస్తుంది. అంటే నర్సరీకి బెస్ట్ అయిన వేరు, పాత గుంతకి బెస్ట్ కానక్కర్లేదు.

ఈ నాలుగూ కలిపి చూస్తే ఒకటి తేలుతుంది. ఏ వేరూ అన్నిచోట్లా గెలవలేదు. తట్టుకునే వేరు అంటే జబ్బు రాని వేరు కాదు. దెబ్బ తింటూ కూడా పెరగగలిగే వేరు, అంతే. గుంతలో ఉన్న గ్యాంగ్ అక్కడే ఉంటుంది.

మన దగ్గర కింద ఉన్నది ఎవరు?

ఇండియాలో ఉత్తరాది మైదానాల్లో ఎక్కువగా రోజా ఇండికా ఒడొరాటా వేరు. ఇంకొన్ని చోట్ల ఎడ్వర్డ్ గులాబీ. ఈ ఎడ్వర్డ్ కథ చిన్నది కాదు. హిందూ మహాసముద్రంలో రీయూనియన్ అనే ఫ్రెంచి దీవి, పాత పేరు బూర్బోన్. అక్కడ చైనా గులాబీ, డమాస్క్ గులాబీ కలిసి పుట్టిన మొక్క 'రోజ్ ఎడువార్'. మన దగ్గర ఎడ్వర్డ్ అయింది. తమిళనాడులో దండల కోసం ఇప్పటికీ సాగు చేస్తారు. దాని పక్కనే అక్కడి రైతులు వేసే ఇంకో రకం పేరు తెలుసా? 'ఆంధ్ర రెడ్'!

బెంగళూరు వైపు నర్సరీల్లో మల్టీఫ్లోరా. పాలీహౌస్‌లలో బొకేల కోసం పెంచే డచ్ గులాబీల కింద ఎక్కువగా 'నేటల్ బ్రయర్', దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన వేరు. భారత వ్యవసాయ పరిశోధన మండలికి తొలి డైరెక్టర్ జనరల్ అయిన బి.పి. పాల్ గోధుమ శాస్త్రవేత్త, అంతకు మించి గులాబీల మనిషి. మన వాతావరణానికి తగిన రకాలు స్వయంగా పుట్టించాడు. ఆయన 'ది రోజ్ ఇన్ ఇండియా' 1966లో వచ్చింది.

మరి కడియం వైపు నర్సరీల్లో మొక్క కొనేటప్పుడు మనలో ఎంతమంది "కింద వేరు ఏది?" అని అడిగాం? నేనైతే ఎప్పుడూ అడగలేదు. రంగు అడుగుతాం, ధర అడుగుతాం, బేరం ఆడతాం. అంతే.

సరే, గుంతని ఏం చేయాలి?

మొదటి ఆప్షన్, చోటు మార్చండి. అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా గ్యారంటీ. మొక్క చచ్చిపోకముందే తీసి గులాబీ ఎప్పుడూ లేని మట్టిలో పెడితే చాలాసార్లు కోలుకుంటుంది. మాది అలాగే కోలుకుంది.

రెండు, అక్కడే కావాలి అంటే మట్టి మార్చండి. అడుగున్నర నుంచి రెండడుగుల లోతు, అంతే వెడల్పు తవ్వి, పాత వేరు ముక్కలన్నీ ఏరేసి, పూర్తిగా వేరే మట్టి నింపండి. కూరగాయల మడిలోది బెస్ట్. తీసిన మట్టి పారేయక్కర్లేదు, ఆ మడిలోనే వేయండి, ఆకుకూరలకి ఇబ్బంది లేదు. బ్రిటిష్ తోటమాలుల చిట్కా ఒకటుంది: అడుగు తీసేసిన అట్టపెట్టె గుంతలో దించి, అందులో కొత్త మట్టి పోసి మొక్క నాటడం. అట్ట కుళ్లేలోపు మొక్క నిలదొక్కుకుంటుంది. మన అమెజాన్ డబ్బాలకి ఇంతకన్నా మంచి గతి ఏముంది చెప్పండి! కుండీ అయితే ఇంకా ఈజీ, మట్టి మొత్తం మార్చి కుండీ కడిగేయండి. పాత మట్టిలో గుప్పెడు వర్మీకంపోస్ట్ కలిపి అదే కుండీలో మళ్లీ గులాబీ పెట్టడం, అదే మనం చేసే తప్పు.

మూడు, వేరు అడగండి. పాత మొక్క ఏ వేరు మీద ఉండి పోయిందో తెలిస్తే, కొత్తది వేరే వేరు మీద ఉన్నది తీసుకోండి. కానీ ఇది మట్టి మార్పుకి తోడు మాత్రమే, బదులు కాదు. సొంత వేరు మీద పెరిగిన నాటు గులాబీకి కూడా ఈ జబ్బు తగులుతుంది, అదీ గుర్తుంచుకోండి.

నాలుగోది నాకు బాగా నచ్చింది. బంతి. బంతి వేర్లలో ఉండే పదార్థం కొన్ని రకాల నులిపురుగుల్ని దెబ్బ తీస్తుంది. నెదర్లాండ్స్‌లో రైతులు పంటకి పంటకి మధ్య పొలం నిండా బంతి వేసి ఈ పని చేయిస్తారు. అయితే గులాబీ పక్కన అందానికి రెండు బంతి మొక్కలు గుచ్చితే రాదు ఆ ఫలితం. ఆ చోటంతా ఒత్తుగా, మూడు నెలలు తగ్గకుండా, బంతి ఒక్కటే పెంచాలి. అప్పుడు కూడా గ్యాంగ్‌లో నులిపురుగుల సంగతే అది చూస్తుంది. శిలీంధ్రాలకి మట్టి మార్చడమే దారి.

ఫైనల్‌గా మా గుంత సంగతి. ఇదంతా అమ్మకి చెప్పాను. డాక్టర్ హ్యూయీ, ఫార్చూన్, ఫిలోక్సెరా అన్నీ. అంతా విని, "అయితే మీ నాన్న పెట్టిన చోట ఇంక గులాబీ రాదా?" అంది. వస్తుంది అమ్మా, ముందు మట్టి మారుద్దాం, ఒక సీజన్ బంతి వేద్దాం, తర్వాత పెడదాం అన్నాను. ఇప్పుడు గేటు పక్కన బంతి ఉంది. వెనక మడి దగ్గర ఎర్ర గులాబీ పూస్తోంది. ఆ కొమ్మ నుంచే కన్ను తీసి వేరే వేరు మీద కట్టించి, వచ్చే ఏడాది గేటు దగ్గరికి తేవాలని ప్లాన్.

అమ్మమ్మ మాత్రం మొత్తం కథకి ఒక్క మాటే అంది: "నేను చెప్పిందేగా ఇదంతా!"

మీ ఇంట్లో కూడా ఇలాంటి అచ్చిరాని చోటు ఉందా? అక్కడ ముందు ఏ మొక్క ఉండేదో ఇంట్లో పెద్దవాళ్లని ఒకసారి అడగండి, కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.